సామెతలో రెండో సగం

మా వాల్దెరోబ్లే ఊళ్ళో బుద్ధున్నవాడెవడూ సామెత మొత్తం చెప్పడు. సగం చెప్పి ఆపుతాడు. మిగతా సగం ఎదుటివాడు అందుకోవాలి. మొత్తం విడమరిచి చెప్పాడంటే, ఎదుటివాడిని పాలు తాగే పిల్లాడి కిందో, పన్ను నోటీసు పట్టుకుని పట్నం నుంచి వచ్చిన గుమాస్తా కిందో జమకట్టినట్టు. అలా చెప్పించుకున్నవాడు వారం దాకా ముఖం మాడ్చుకుని తిరుగుతాడు.

రొట్టెల కొట్లో ఎవడికైనా తూకం మీద అనుమానం వస్తే తోడేలు సామెతలో మొదటి ముక్క గొణుగుతాడు. కొట్టువాడు రెండో ముక్కతో వాడి నోరు మూయిస్తాడు. ఆకాశం మబ్బు పట్టిందంటే ఒకడు ఫలానా పునీతుడి పండగ పేరెత్తి ఊరుకుంటాడు, వీధికి అవతలివాడు గొర్రెల మందతో ముగిస్తాడు. చావింట్లో కూడా అంతే. మొగుడు పోయిన ఆడమనిషి చెయ్యి పట్టుకుని సగమే అంటారు. మిగిలింది ఆమె నోటివెంట వస్తే, ఇక ఈ మనిషి బతుకుతుందిలే అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఇందులో ఇంకో కట్టుబాటు ఉంది. పెళ్ళాం విసిరితే అందుకునే హక్కు మొగుడిది. మొగుడు విసిరితే పెళ్ళాంది. మూడోవాళ్ళు మధ్యలో అందుకున్నారంటే, వేరేవాళ్ళ పక్క మీద కూర్చున్నంత పని. పెళ్ళి ముచ్చట్లు కూడా అలాగే మొదలవుతాయి మా ఊళ్ళో. పూజ అయ్యాక చర్చి గడప దగ్గర కుర్రాడు సగం విసురుతాడు. పిల్ల అందుకుంటే సరే అన్నట్టు, నోరు మూసుకుంటే వెళ్ళి నీ పని చూసుకోమన్నట్టు.

మా వీధి కసిల్దా తన పడుచు రోజుల్లో నోరు మూసుకోలేదు. గొర్రెలు కాసే క్రిసాంతో అనే కుర్రాడు తన సగం అంటూ ఉండగానే మిగతాది అందుకునేసింది. పక్కనున్న తల్లి తొడ మీద గట్టిగా గిల్లింది కూడా, కాస్తయినా ఆగవే సిగ్గులేనిదానా అని. ఎక్కడాగుతుంది, ఆ పిల్లాడి కోసం రెండేళ్ళ నుంచి కాచుకుని ఉంది మరి.

పెళ్ళయ్యాక ఆ జంటను మించిన జంట మా ఊళ్ళో లేదంటే లేదు. పిల్లలు కలగలేదు, పొలం పెద్దగా లేదు, ఉన్నదల్లా ఈ మాటల వైభవమే. క్రిసాంతో మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. మంద వెంట తిరిగి తిరిగి మాట్లాడటమే మరిచిపోయాడని అనేవాళ్ళు. కానీ కసిల్దా సగం విసిరిందా, ఎక్కడున్నా ఠక్కున అందుకునేవాడు. ఆమె వీధి చివర నుంచి అరిచినా సరే, అటక మీద గడ్డి దులుపుతున్నా సరే, పొలమారి దగ్గుతున్నా సరే. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కూర్చునే వేళ, జనం కావాలని కసిల్దాను రెచ్చగొట్టేవాళ్ళు, ఆ ఇద్దరి ఆట చూడాలని. ఆమె మొహం అప్పుడు వెలిగిపోయేది. గర్వం కాదని నేననను. గర్వమే.

ఆ గర్వం మీద లియోకాదియా వచ్చి కూర్చుంది.

లియోకాదియా ఈ వీధి పిల్లే. కసిల్దాతో కలిసి చదువుకుంది. పెళ్ళి చేసుకుని బార్సిలోనా వెళ్ళిపోయింది, ఎప్పుడో ఒకసారి పండక్కి తప్ప ముఖం చూపించలేదు. మొగుడు పోయాక, అక్కడ గోడల మధ్య ఒక్కదాన్నీ ఉండలేనని, మూసేసిన తండ్రి ఇల్లు తెరిపించి సున్నం వేయించుకుని దిగింది. వయసు కసిల్దా వయసే. కానీ నడుము నిలబడే ఉంది, జుట్టుకు రంగుంది, నల్లబట్టలు కట్టినా అవి ఒంటికి అతికినట్టు కుదిరి ఉన్నాయి. కసిల్దా ఆమెను చూసిన మొదటి రోజే ఇంట్లో అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడింది.

వచ్చిన వారానికే సాయంత్రం తన కుర్చీ తనే మోసుకుంటూ వీధిలోకి వచ్చింది లియోకాదియా. "నన్ను కూడా కూర్చోనిస్తారా, లేక పట్నందాన్నని తరిమేస్తారా?" అంటూ నవ్వి, మూడో రోజుకే కంపు కొట్టే చుట్టాలూ చేపలూ ఉన్న ఆ సామెతలో సగం అందరి మీదా విసిరి కూర్చుంది. తన మీద తనే వేసుకున్న జోకు అది. బాగానే ఉంది. ఎవరో ఒకరు అందుకుంటారు, నవ్వుతారు, అయిపోతుంది.

అందుకున్నది క్రిసాంతో.

మామూలుగా అందుకుంటే ఏమో గానీ, గొంతు పెంచి, వేలు పైకెత్తి, బళ్ళో తెలిసిన జవాబు చెప్పే పిల్లాడిలా అందుకున్నాడు. పక్కింటి ఫెలీసా పళ్ళ మధ్య గింజ అలాగే ఉండిపోయింది. బారు నడిపే దామాసో ముసలాడు పేకముక్కల చాటున మూతి దాచుకున్నాడు. లియోకాదియా మాత్రం చప్పట్లు కొట్టి, "అబ్బో, క్రిసాంతో! నీ నోట్లో మాటలున్నాయే! చిన్నప్పుడు నువ్వు మూగవాడివే అనుకునేదాన్ని!" అంది.

కసిల్దా ఒళ్ళోంచి గింజల పొట్టు దులిపింది. నవ్వింది. నవ్వక చస్తుందా, అంతమంది ముందు. ఇంట్లోకి వచ్చి తలుపు వేయగానే మొదలెట్టింది.

"ఏమయ్యా, ఎవరో ఏదో విసిరితే నువ్వెందుకు పట్టుకున్నావ్?"

"మీద పడితే పట్టుకున్నా."

"నీ మీద పడలేదు. వీధి మీద పడింది. వీధిలో ఇంతమంది ఉండగా నీ నోరే దొరికిందా?"

"గుర్తొచ్చింది, అన్నాను. దానికింత రాద్ధాంతం ఎందుకే?" అని క్రిసాంతో బూట్లు విప్పుకున్నాడు. ముఖంలో ఏదో సంతోషం ఉంది. అబద్ధం చెప్పను, నిజంగానే ఉంది. చాలా రోజుల తరవాత కనిపించిన సంతోషం. ఆ సంతోషం చూసే కసిల్దాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తరవాత తోట వ్యవహారం మొదలైంది. లియోకాదియా ఇంటి వెనక దొడ్డిలో టమాటాలు, బీన్స్ వేసింది. పట్నం చేతులకు పాదు కట్టడం ఏం తెలుసు? క్రిసాంతో కాస్త చూసిపెడతానన్నాడు. చూసిపెట్టడమంటే ఒకరోజు, రెండు రోజులు. ఇతగాడు రోజూ పొద్దున్నే కాఫీ తాగి టోపీ పెట్టుకుని బయల్దేరేవాడు. సొంత దొడ్లో ఉల్లి మడి ఎండిపోతున్నా పట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు కోటు జేబుల్లో రెండు టమాటాలు. వాటిని బల్ల మీద పెట్టి, "లియోకాదియా పంపింది" అనేవాడు, ఏదో బహుమతి గెలిచి తెచ్చినట్టు.

కసిల్దా ఆ టమాటాలు కోళ్ళకు వేసేది. కోళ్ళు ఎగబడి తింటుంటే వాటి మీదా కోపమే. "మింగండి, మింగండి, మీకూ దాని చేతి తిండే కావాలి" అని వాటిని కసిరేది.

పైగా ఫెలీసా ఒకతి, నిప్పు కనపడితే చాలు విసనకర్ర తెచ్చే రకం. రొట్టెలు తెచ్చుకునేటప్పుడు పక్కన చేరి, "అబ్బే, నేనేం అనను గానీ వదినా, మీ ఆయన ఆ గోడ అవతల తెగ మాట్లాడుతున్నాడు. గోడ ఇవతలికి వినిపిస్తోంది. మాటలు అర్థం కావు గానీ, ఆవిడ ఒకటి అంటుంది, ఈయన ఒకటి అంటాడు. ఆవిడ ఒకటి, ఈయన ఒకటి" అంది.

"టమాటాల గురించి అయ్యుంటుంది."

"అయ్యుంటుంది, అయ్యుంటుంది. టమాటాల గురించి అంత మాట్లాడతారని నాకు తెలీదు, మా ఆయన నాతో గుమ్మడికాయ గురించి కూడా మాట్లాడడు."

ఆ రోజు కసిల్దా కొన్న రొట్టె కొట్లోనే మరిచిపోయి ఇంటికొచ్చింది.

ఇంట్లో క్రిసాంతో తీరు మారుతోంది. ఆమె సగం విసిరితే ఇదివరకటిలా ఠక్కున రావడం లేదు. దగ్గు తెచ్చుకునేవాడు. లేచి తలుపు గడియ పడిందో లేదో చూసేవాడు. "ఏమన్నావ్?" అని మళ్ళీ అడిగేవాడు, చెవులు పాము చెవులైనా. కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు. కసిల్దా మనసులో లెక్కలన్నీ ఒకే వైపు తేలుతున్నాయి. పొద్దుటి పూటంతా అక్కడ ఖర్చు పెట్టుకుని వస్తే ఇంట్లో ఇవ్వడానికి ఏం మిగులుతుంది? మనిషి ఇక్కడ, మనసు అక్కడ. నాకు ఇచ్చేది పిసినారి పెట్టే భిక్షం అనుకుంది.

ఆమె కూడా ఊరుకోలేదు. జుట్టుకు రంగేయించుకోవడానికి బస్సెక్కి పట్నం వెళ్ళింది. తిరిగొచ్చాక క్రిసాంతో చూసి, "తలకేమైంది, దెబ్బ తగిలిందా?" అన్నాడు. రాగి బిందె రంగు వచ్చింది పాపం. ఆ రాత్రి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది కసిల్దా. ఎందుకేడుస్తున్నావని అతను అడగలేదని ఇంకాస్త ఏడ్చింది.

ఆగస్టు పండగ దగ్గరపడుతుండగా జరిగింది అసలు సంగతి. మధ్యాహ్నం భోజనం. వెల్లుల్లి చారు, అందులో నానిన రొట్టె ముక్కలు, మీద గుడ్డు. దామాసో అప్పటికి రెండు రోజులుగా రాబోయే చలికాలం మంచు బాగా పడుతుందని అందరికీ చెబుతున్నాడు, మోకాలి నొప్పి లక్షణాన్ని బట్టి. ఆ సంగతే మాట్లాడుతూ కసిల్దా మంచు సామెతలో సగం విసిరింది. అలవాటుగా, చెంచా ఊదుకుంటూ. అది ఈ దేశంలో చంటిపిల్లలకు కూడా వచ్చు. మా ఊళ్ళో అది రొట్టెతో ముగుస్తుంది. గోధుమ నేల కదా, మాకు మంచు అంటే గోధుమ, గోధుమ అంటే రొట్టె.

క్రిసాంతో తలెత్తాడు. ఒక క్షణం ఆలోచించాడు. తరవాత నిబ్బరంగా, తప్పేమీ లేనట్టు, నూనెతో ముగించాడు.

చెంచా కసిల్దా చేతిలో ఆగిపోయింది.

నూనె! మా చుట్టుపక్కల ఆలివ్ చెట్టన్నదే లేదు. మంచుకు నూనె తగిలించే ఇల్లు వాల్దెరోబ్లేలో ఒకే ఒక్కటి. లియోకాదియా తల్లి దక్షిణాన ఆలివ్ తోటలుండే ఖాయెన్ వైపు నుంచి వచ్చిన కోడలు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో సామెతలు వేరేగా ముగిసేవి. ఊరంతా దాని మీద జోకులేసేది. ఆ తల్లి నోటి నుంచి కూతురి నోటికి, కూతురి నోటి నుంచి ఇదిగో, ఈ బల్ల దగ్గరికి, ఈ చారు గిన్నె మీదికి వచ్చి పడింది. చొక్కా మీద వేరే ఆడదాని వెంట్రుక దొరికితే ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. దీన్నుంచి ఎలా తప్పించుకుంటాడు?

"ఏమన్నావ్?" అంది మెల్లిగా.

క్రిసాంతో ఆమె ముఖం చూసి తడబడ్డాడు. "అంటే... అంతే కదా?"

"అంతే" అంది కసిల్దా. "తిను. చల్లారిపోతుంది."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరిచే మనిషి అరవలేదంటే భయపడాలి. మర్నాటి నుంచి మొగుడితో సామెతలు పూర్తిగా చెప్పడం మొదలెట్టింది. మొదలు నుంచి చివరి దాకా, ఒక్కో మాటా విడదీసి, పన్ను గుమాస్తాకు చెప్పినట్టు. మా ఊళ్ళో ఒక పెళ్ళాం మొగుడికి ఇంతకన్నా పెద్ద శిక్ష వేయలేదు. అన్నం మానేయించినా ఇంత అవమానం లేదు. ఫెలీసా కిటికీ లోంచి విని గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది.

కసిల్దా అతను ఉడుక్కుంటాడని చూసింది. కాళ్ళబేరానికి వస్తాడని చూసింది. ఒక్కసారైనా, నాకు రెండో సగం వదలవే అని అడుగుతాడని చూసింది. అడగలేదు సరికదా, అతని భుజాలు వదులయ్యాయి. గిన్నె మీద వంగి ప్రశాంతంగా తిన్నాడు. దగ్గు తగ్గింది. తలుపు గడియ చూడటానికి లేవడం మానేశాడు. పెద్ద బరువేదో దిగిపోయిన మనిషిలా ఉన్నాడు.

అది చూశాక ఆమె ఇక ఆగలేకపోయింది. అంటే నా దగ్గర అందుకోవడం కూడా బరువైపోయిందన్నమాట! నేను వదిలేస్తే హాయిగా ఉందన్నమాట! ఆ రాత్రంతా కళ్ళు మూతపడలేదు.

తెల్లారి క్రిసాంతో టోపీ పెట్టుకుని వెళ్ళాక, కాసేపు ఆగి, ఏప్రన్ అయినా విప్పకుండా బయల్దేరింది. లియోకాదియా దొడ్డి వెనక సందు ఉంది. గోడ మనిషి ఎత్తు. గోడ పక్కన నిలబడింది. రెండు కుర్చీలు కనపడుతున్నాయి చెక్కతలుపు సందులోంచి. టమాటా పాదుల మధ్య ఎదురెదురుగా. నీళ్ళ డబ్బా ఓ మూల పడి ఉంది, ఎవరూ దాన్ని ముట్టుకున్నట్టు లేదు.

లియోకాదియా ఒక సగం విసిరింది. పొద్దున్నే లేచేవాళ్ళ సామెత, అందరికీ వచ్చినదే.

అవతల నిశ్శబ్దం.

"పర్లేదు, నిదానంగా" అంది లియోకాదియా.

నిశ్శబ్దం.

"దేవుడు వస్తాడు అందులో. దేవుడు ఏం చేస్తాడు?"

"తెలుసు," అన్నాడు క్రిసాంతో. "తెలుసు. నాలుక మీదే ఉంది. ఇక్కడే ఉంది. థూ!" అని తొడ మీద కొట్టుకున్నాడు.

లియోకాదియా మెల్లిగా రెండో సగం చెప్పింది. క్రిసాంతో తిరిగి చెప్పాడు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను మళ్ళీ చెప్పాడు, చర్చిలో తొలి ప్రసాదం తీసుకోబోయే ముందు జపాలు నేర్చుకునే పిల్లాడిలా. మూడోసారి మధ్యలో ఒక మాట జారిపోయింది. "పొద్దున్న వచ్చిందే! వచ్చే దారిలో చెప్పుకుంటూ వచ్చానే!" అన్నాడు. ఆ గొంతు కసిల్దా ఎన్నడూ వినలేదు. గొర్రె తప్పిపోయి తిరిగినప్పుడు కూడా వినలేదు.

ఆమె గోడ పట్టుకుంది. అంటే ఆ దగ్గూ, ఆ గడియా, ఆ వదులైన భుజాలూ అన్నీ ఇదా? ఆ రోజు మంచును నూనెతో ముగించడమంటే, వాడిది పోగొట్టుకుని, ఇక్కడ అరువు తెచ్చుకుని, నా ముందు పెట్టాడా పిచ్చివాడు!

జాలి కలిగిందంటారా? కలిగింది. కానీ జాలి కన్నా ముందు, జాలిని పక్కకు తోసి, మళ్ళీ అదే మంట లేచింది, ఇదివరకటి కన్నా పెద్దగా. ముద్దు పెట్టుకుని ఉంటే పోనీలే ముసలి పీనుగలు అని క్షమించేదేమో. ఇది ముద్దు కన్నా ఎక్కువ. చెక్కతలుపును తోసుకుని లోపలికి పోయింది.

క్రిసాంతో టోపీ చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడు కూడా అంత తల వంచడు.

"ఎప్పట్నుంచి?" అంది కసిల్దా.

"చలికాలం నుంచి." అతను నేల చూస్తున్నాడు. "ముందు ఒకటీ అరా. తరవాత... పొద్దున్నే తెల్లటి గోడలా ఉంటుందే లోపల. నువ్వు విసురుతావ్. వస్తుందేమోనని చూస్తా. ఏదీ రాదు."

"మరి ఆ రోజు చుట్టాలూ చేపలూ దీనికి ఎలా అందుకున్నావ్, వేలెత్తి మరీ?"

"వచ్చిందే! అది వచ్చింది! ఎన్నాళ్ళకో దానంతటదే వచ్చింది. ఎవరు విసిరారో కూడా చూసుకోలేదు. సంతోషం పట్టలేక అన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా?" అతను మొదటిసారి తలెత్తాడు. "నీకెలా చెప్పను? నువ్వు వీధిలో అంతమంది ముందు నా వైపు చూస్తావ్ చూడూ, ఆ చూపు... దాని ముందు ఒట్టి చేతులతో నిలబడలేక."

లియోకాదియా మధ్యలో కల్పించుకుంది. "తప్పు నాదే కసిల్దా. ఒకరోజు పాదు కడుతూ మాట మధ్యలో ఆగిపోతే నేనే పట్టేశాను. మా ఆయనకు కూడా ఇలాగే మొదలైంది. ఆయనతో అన్నేళ్ళు పడ్డాను కదా, రోజూ ఇలా చెప్పిస్తే కొన్నాళ్ళు నిలుస్తాయి. నీతో చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. నువ్వు వేరేలా అనుకుంటావని నాకు తెలుసు, అయినా..."

"నీ మొగుడి సంగతి నీ మొగుడితో పోయింది," అంది కసిల్దా. "ఇది నా మొగుడు. వాడికి జ్వరమొస్తే నాది, కాలు విరిగితే నాది, మతి పోతే అదీ నాదే. నీ దొడ్లో నాటుకోవడానికి కాదు." తరవాత క్రిసాంతో వైపు తిరిగింది. "నీకున్నవన్నీ నాకిచ్చావ్. లేనిది మాత్రం తీసుకొచ్చి దీని ఒళ్ళో పోశావ్. అది నాకివ్వాలని తోచలేదా?"

కసిల్దా అతని చేతిలో టోపీ లాక్కుని తల మీద గట్టిగా నొక్కిపెట్టింది, మోచెయ్యి పట్టుకుని సందులోంచి ఇంటికి నడిపించుకు వచ్చింది. ఇంటికి వచ్చాక బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చారు, ముందు ఆమె, తరవాత అతను.

పండగ ముందు సాయంత్రం వీధి నిండా కుర్చీలు. కసిల్దా రాకూడదనుకుంది. రాకపోతే ఫెలీసా పండగ చేసుకుంటుందని వచ్చింది. క్రిసాంతోను పక్కనే కూర్చోబెట్టుకుంది. లియోకాదియా కూడా వచ్చింది, కాస్త ఎడంగా, వాళ్ళకు ఎదురుగా కుర్చీ వేసుకుంది. కసిల్దా ఆమెకు తలూపింది, అంతే. థాంక్స్ చెప్పాలని తెలుసు. నోరు రాలేదు.

వైన్ చేతులు మారుతోంది. దామాసో ఉత్సాహంగా ఉన్నాడు. "ఏంటి కసిల్దా, ఈ ఎండాకాలం మీ ఆయన్ని మాకు వినిపించకుండా దాచేశావ్? పండగ కదా, ఒకటి విసురు! మా చెవులు తుప్పు పట్టిపోతున్నాయి!"

"విసురు, విసురు" అన్నారు అందరూ. ఫెలీసా అందరికన్నా గట్టిగా అంది.

తలనొప్పి అని లేవచ్చు. వేరే మాట ఎత్తి తప్పించుకోవచ్చు. కసిల్దా పక్కకు చూసింది. క్రిసాంతో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. పారిపోవాలనే చూపు కాదు. ఇవ్వు, చూస్తా అన్న చూపు. తప్పించేస్తే అతన్ని అందరి ముందూ పన్ను గుమాస్తాను చేసినట్టే. వీలైనంత తేలికది ఏరుకుంది. రాత్రి, పిల్లులు, వాటి రంగు. అందులో సగం విసిరింది.

అతని పెదవులు కదిలాయి. ఆగాయి. ఎవరో గింజ కొరికిన చప్పుడు. ఎదురుగా లియోకాదియా ఇక ఉండబట్టలేక, చప్పుడు కాకుండా పెదవులతో అందిస్తోంది, ఒక్కో అక్షరం. క్రిసాంతో కళ్ళు అటు తిరగబోయాయి. కసిల్దా లేచి తన కుర్చీ ఎత్తి ఆ ఇద్దరికీ మధ్య దబ్బున వేసి కూర్చుంది, మొగుడికి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా. "నా వైపు చూడు," అంది. "తొందరేం లేదు."

అతను ఆమె వైపు చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు. పిల్లులతో మొదలైన సామెతను ఫాదర్ గారి గాడిదతో, అది తిన్న బార్లీతో ముగించాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత వీధి వీధంతా గొల్లుమంది. దామాసో కళ్ళు తుడుచుకున్నాడు. "గాడిదా! పిల్లుల్లోకి గాడిద ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా క్రిసాంతో! అలా కాదు కదా అది..."

"అలాగే," అంది కసిల్దా.

"అబ్బా, కాదమ్మా, అది..."

"మా ఇంట్లో అది అలాగే ముగుస్తుంది." కసిల్దా వెనక్కి తిరగలేదు. మొగుడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "మీ ఇళ్ళలో మీకు నచ్చినట్టు ముగించుకోండి. మా ఇంట్లో గాడిదే వస్తుంది. రేపు కోడి వస్తే కోడే. ఎవరికైనా అభ్యంతరమా?"

నవ్వులు సన్నగిల్లాయి. అర్థమైనవాళ్ళకు అర్థమైంది. దామాసో పేకముక్కలు సర్దుకుంటూ ఉండిపోయాడు. ఫెలీసా తల దించుకుంది, ఆమెకు అది అలవాటు లేని పని. క్రిసాంతో నవ్వుతున్నాడు. సరిగ్గా అందుకున్నాననే అనుకుంటున్నాడు.

కసిల్దా వీపు వెనక, లియోకాదియా గొంతు సన్నగా, తడిగా వినిపించింది. గాడిద, బార్లీ అని తనలో తాను చెప్పుకుంటోంది, మరిచిపోకూడదన్నట్టు.

కసిల్దా అప్పుడు తిరిగింది.

"ఇది మాత్రం నువ్వు నేర్చుకోకు," అంది. "ఇది ఆయన నాకిచ్చింది."